ఆఫ్ చేసినా ఆరని తోరణం

పండుగ దీపాలకు స్మార్ట్ స్విచ్ తోడయింది. సరదా పెరిగింది. దాంతోపాటు ఇంటి బోర్డు గురించి తెలుసుకోవాల్సిన సంగతులూ పెరిగాయి.

వినాయక చవితి పందిళ్లు విప్పేలోపే విశాఖ గోపాలపట్నంలో దసరా లైటింగు మొదలవుతుంది. దీపావళికి బాల్కనీ గ్రిల్స్‌కు చుట్టిన సీరియల్ లైట్లు కార్తిక పున్నమి దాకా అలాగే ఉంటాయి. అవి తీసేసరికి క్రిస్మస్ నక్షత్రాలు వేలాడతాయి. సంక్రాంతి వెళ్లగానే పెళ్లి ముహూర్తాలు. ఆషాఢ పున్నమికి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్ల పైచిలుకు నడిచే జనం ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దాటి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం మీదుగా కొండ మెట్లు మొదలయ్యే తొలి పావంచా వైపు సాగుతుంటే ఆ రాత్రి దారికి రెండు పక్కలా దీపాలే. ఏడాదిలో ఏ నెల చూసినా ఈ పేటలో ఎవరో ఒకరి గుమ్మం ముందు తోరణం మిణుకుమంటూనే ఉంటుంది.

కొన్నేళ్లుగా ఆ తోరణాల వెనక ఓ కొత్త వస్తువు వచ్చి చేరింది. గోడ దగ్గరికి వెళ్లి నొక్కే పని లేకుండా ఫోన్‌లోంచో, నోటిమాటతోనో, పొద్దుగూకగానే తనంతట తానుగానో దీపాలు వెలిగించే స్మార్ట్ స్విచ్ అది. కొడుకో కూతురో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే, అక్కడి నుంచే ఇక్కడి అమ్మానాన్నల వాకిట్లో దీపావళి దీపాలు వెలిగించవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మేడ మీది లైట్ల కోసం మెట్లెక్కాల్సిన పని లేదు. ఇది నిజంగా మంచి సౌకర్యం. అందులో సందేహం అక్కర్లేదు.

అయితే తోరణమూ స్మార్ట్ స్విచ్చూ కలిసిన చోట ఓ చిత్రం జరుగుతుంది. ఫోన్‌లో ఆఫ్ అని చూపిస్తుంది. బాల్కనీలో తోరణం మాత్రం పూర్తిగా ఆరదు. చీకట్లో చూస్తే ప్రతి చిన్న దీపంలోనూ మసకగా వెలుగు కనిపిస్తుంది. కొన్నిచోట్ల కొన్ని సెకన్లకోసారి తళుక్కుమని మెరిసి ఆరిపోతుంది. చాలామంది ఎల్ఈడీలు అంతేలే అని వదిలేస్తారు. ఇంకొందరు లైట్లు నాసిరకం అనుకుని మార్చేస్తారు. ఆ మసక వెలుగు దీపంలోని లోపం కాదు. ఆ తీగలో ఇంకా కరెంటు ఉందనడానికి గుర్తు. ఇంట్లో పిల్లలు తిరిగే చోట, వాన జల్లు పడే చోట, ఇనుప గ్రిల్‌కు చుట్టి ఉన్న తీగ ఇస్తున్న ఆ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదు.

80 బల్బుల నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా

క్రిస్మస్ చెట్టును కరెంటు దీపాలతో అలంకరించడం 1882 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదలైంది. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులు చేత్తో కట్టి వెలిగించాడు. తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు ఆ బల్బుల్లో ఉన్నది వేడెక్కి వెలిగే ఫిలమెంటే. మన పెళ్లి పందిళ్లలో, రామకోవెళ్ల ముందు కట్టిన రంగు బల్బుల తోరణాలూ అవే. ఒక్కోటి 15 వాట్ల బల్బులు 50 కడితే మొత్తం 750 వాట్లు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆరు గంటలు వెలిగిస్తే నాలుగున్నర యూనిట్లు. సన్నబల్బుల సీరియల్ సెట్టు అయితే ఒక్క బల్బు మాడితే వరుసంతా ఆరిపోయేది. ఏది మాడిందో పట్టుకోవడానికి ఒక్కొక్కటీ తీసి చూడటం అప్పట్లో ప్రతి ఇంట్లో పండుగ ముందు రోజు పని.

ఎల్ఈడీ కథ వేరు. 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రటి ఎల్ఈడీ చేశాడు. నీలం మాత్రం ముప్పై ఏళ్లు లొంగలేదు. నీలం లేకపోతే తెల్లటి వెలుగు రాదు. జపాన్‌లో అకసాకి, అమానో ఒకవైపు, నిచియా కంపెనీలో నకమురా మరోవైపు పట్టుబట్టి ఆ నీలాన్ని సాధించారు. ముగ్గురికీ కలిపి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇప్పుడు విశాఖ పూర్ణా మార్కెట్‌లో గుట్టలుగా పోసి అమ్మే తెల్ల, నీలం సీరియల్ సెట్లన్నీ ఆ నీలం పుణ్యమే.

ఈ తోరణాల్లోని చిన్న ఎల్ఈడీ దాదాపు 20 మిల్లీ ఆంపియర్లతోనో అంతకన్నా తక్కువతోనో పూర్తి వెలుగు ఇస్తుంది. ఎర్ర దీపం సుమారు 2 వోల్టులు, తెల్లదీ నీలందీ 3 వోల్టులు తీసుకుంటాయి. అందుకే డజన్ల కొద్దీ దీపాలను ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి, ఓ రెసిస్టర్ పెట్టి, ఇంటి 230 వోల్టులకు నేరుగా తగిలిస్తారు. మొత్తం తీగ 5 వాట్లు కూడా దాటదు. పొదుపు అంటే ఇదే. అయితే ఈ పొదుపరితనమే చిక్కు తెస్తుంది. ఇంత తక్కువ కరెంటుకే వెలిగే వస్తువు, కారిన కొద్దిపాటి కరెంటు దొరికినా వెలుగుతుంది. ఒక మిల్లీ ఆంపియర్ కన్నా తక్కువ వచ్చినా ఎల్ఈడీ చీకట్లో కంటికి కనిపిస్తుంది.

స్విచ్‌లో కారేది ఎంత?

మామూలు స్విచ్ ఆపితే లోపల రెండు లోహపు ముక్కలు విడిపోతాయి. మధ్యలో గాలి. కరెంటు పోయే దారి లేదు. స్మార్ట్ స్విచ్ సంగతి అలా కాదు. ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉండాలి. వైఫై వింటూ ఉండాలి. దానికీ కాస్త కరెంటు కావాలి. ఆ కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటుందన్నదే అసలు ప్రశ్న.

మన ఇళ్లలో ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులోకి ఫేజు, న్యూట్రల్ రెండూ వస్తాయి. కేవలం లైటు స్విచ్చులే ఉన్న బోర్డులోకి, ముఖ్యంగా పాత ఇళ్లలో మెట్ల దగ్గరి బోర్డుల్లోకి, చాలాసార్లు ఫేజు ఒక్కటే వస్తుంది. న్యూట్రల్ నేరుగా పైన దీపం దగ్గరికి పోతుంది. ఇలాంటి బోర్డుల కోసమే న్యూట్రల్ అక్కర్లేని రెండు తీగల స్మార్ట్ స్విచ్చులు వచ్చాయి. అవి తమకు కావలసిన కరెంటును దీపం గుండానే లాగుతాయి. దీపం ఆగి ఉన్నప్పుడు కూడా. పాత 40 వాట్ల బల్బు 174 మిల్లీ ఆంపియర్లకు పూర్తిగా వెలుగుతుంది. అందులో నాలుగైదు మిల్లీ ఆంపియర్లు కారినా ఫిలమెంటు కనీసం వెచ్చబడదు. అదే చోట ఎల్ఈడీ తోరణం పెడితే దానికి ఆ కారుడే కడుపునిండా భోజనం.

ఇంకో రకం ఉంది. లోహపు ముక్కల్ని కలిపి విడదీసే రిలే బదులు ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ భాగంతో పనిచేసే స్విచ్చులు, డిమ్మర్లు. ఫ్యాను స్పీడు, లైటు వెలుగు తగ్గించి పెంచేవి చాలావరకు ఇవే. ట్రయాక్ పొరపాటున తనంతట తాను ఆన్ కాకుండా ఉండటానికి దాని పక్కనే చిన్న కెపాసిటర్ కడతారు. సాధారణంగా 0.1 మైక్రోఫారడ్. లెక్క వేస్తే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ గుండా 7 మిల్లీ ఆంపియర్లు పోగలవు. తోరణం పూర్తి వెలుగుకు కావలసిన దాంట్లో మూడోవంతు! ఆ కరెంటంతా తోరణం దాకా చేరకపోయినా, చేరిన కొంచెంతోనే అది మసకగా వెలుగుతుంది.

తళుక్కుమని మెరిసే రకం దీపాల్లో లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. కారిన కరెంటు అందులోని కెపాసిటర్లో కొద్దికొద్దిగా చేరుతుంది. నిండగానే దీపం ఒక్కసారి వెలిగి, ఖాళీ అయి ఆరిపోతుంది. మళ్లీ నిండటం మొదలు. ఇది దయ్యమూ కాదు, దోషమూ కాదు. మన ఎలక్ట్రీషియన్లు రిటర్న్ కరెంటు అని ఒక్క మాటలో తేల్చేసేది దీన్నే.

డిమ్మర్‌కు తోరణం తగిలిస్తే ఇంకో ఇబ్బంది. ట్రయాక్ ఆన్‌లో నిలబడాలంటే దాని గుండా కనీసం కొంత కరెంటు పారుతూ ఉండాలి. తోరణం లాగే కరెంటు ఆ హద్దుకు కొంచెం అటూఇటూగా ఉంటే ట్రయాక్ నిలబడలేక పడిపోతూ లేస్తూ ఉంటుంది. దీపాలు వణుకుతాయి. ఈ బాధ కొత్తదేమీ కాదు. 1975లో స్కాట్లాండ్‌లో పుట్టి, కరెంటు తీగల మీదనే సంకేతాలు పంపిన ఎక్స్10 అనే పాత ఆటోమేషన్ వాడిన పాశ్చాత్య దేశాల వాళ్లు, క్రిస్మస్ లైట్లు ఎల్ఈడీలోకి మారగానే ఇదే తలనొప్పి పడ్డారు. మనం ఆ దారి అంతా దాటి నేరుగా వైఫై దగ్గరికి వచ్చాం. సమస్య మాత్రం మనతోనే వచ్చింది.

జీరో బల్బు చేసే మేలు

దీనికి మందు మన ఇళ్లలోనే ఉంది. దేవుడి గదిలోనో పడకగదిలోనో పెట్టుకునే పాతకాలపు జీరో బల్బు. పేరుకు జీరో వాటు అయినా నిజానికి అది 15 వాట్ల వరకు లాగే ఫిలమెంటు బల్బు. తోరణం తగిలించిన అదే లైనులో, దానికి సమాంతరంగా ఈ బల్బు ఒకటి పెడితే కారే కరెంటు తోరణంలోకి పోకుండా బల్బు గుండా పోతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం వేడెక్కినప్పటి కన్నా చాలా తక్కువ, కొన్ని వందల ఓములే. 7 మిల్లీ ఆంపియర్లు దాని గుండా పోతే రెండు మూడు వోల్టులే మిగులుతాయి. డజన్ల దీపాలున్న తోరణం ఆ రెండు వోల్టులకు కళ్లు తెరవదు. బల్బు కూడా వెలగదు. అయితే ఇప్పుడు దుకాణాల్లో ఎల్ఈడీ జీరో బల్బులే ఎక్కువ. అవి ఈ పనికి పనికిరావు. ఫిలమెంటుదే కావాలని అడిగి తీసుకోవాలి.

కొన్ని స్మార్ట్ స్విచ్చుల కంపెనీలు ఇందుకోసమే బైపాస్ అనే చిన్న డబ్బీ పెట్టెలో ఇస్తాయి. దాన్ని దీపం దగ్గర, స్విచ్ దగ్గర కాదు, ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి. ఇవన్నీ ఉన్న స్విచ్‌తో నెట్టుకొచ్చే ఉపాయాలు. కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. న్యూట్రల్ తీగ అడిగే, రిలేతో పనిచేసే స్విచ్ కొనండి. నొక్కగానే లోపల టిక్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రిలేది. బోర్డులో న్యూట్రల్ లేకపోతే పక్క సాకెట్ బోర్డు నుంచి లాగించుకోవడం ఓ పూట పని. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లయితే ప్రతి స్విచ్ బోర్డులోకీ న్యూట్రల్ వేయించండి. గోడలు పూసేశాక ఆ తీగ విలువ తెలుస్తుంది.

రిలేకు కూడా ఓ బలహీనత ఉంది. ఒకే స్విచ్ మీద పదిహేను ఇరవై ఎల్ఈడీ అడాప్టర్లు తగిలిస్తే, ఆన్ చేసిన మొదటి క్షణంలో వాటి కెపాసిటర్లన్నీ ఒక్కసారిగా కరెంటు గుంజుతాయి. ఆ ఒక్క క్షణం మామూలు లెక్కకు ఎన్నో రెట్లు, కొన్నిసార్లు పదుల ఆంపియర్లు పారుతుంది. అలా కొన్నాళ్లకు రిలేలోని లోహపు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో ఎన్నిసార్లు ఆపినా దీపాలు ఆగవు. పెద్ద లైటింగు పెట్టేవాళ్లు రిలే చేత, పెద్ద లోడు తట్టుకునే ఓ కాంటాక్టర్‌ను నడిపించి, అసలు లోడును కాంటాక్టర్ మీద వేయడం మంచిది.

ఆఫ్ అంటే ఆఫేనా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఫోన్‌లో ఆఫ్ అనే అక్షరాలు స్విచ్‌కు పంపిన ఆజ్ఞను చెబుతాయి. తీగలో కరెంటు లేదని హామీ ఇవ్వవు. రిలే ఒక్క తీగనే తెంచుతుంది. అది ఫేజు అయితే సరే. మన సాకెట్లలో కుడివైపు రంధ్రంలో ఫేజు, ఎడమవైపు న్యూట్రల్, పైన ఎర్త్ ఉండాలన్నది నియమం. చాలా పాత ఇళ్లలో, అద్దె వాటాల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. అలాంటి సాకెట్లో స్మార్ట్ ప్లగ్ పెడితే అది న్యూట్రల్‌ను తెంచి ఫేజును అలాగే వదిలేస్తుంది. తోరణం ఆరినట్టే ఉంటుంది, లేదా మసకగా మెరుస్తూ ఉంటుంది. తీగ మొత్తం మాత్రం 230 వోల్టుల్లో ఉంటుంది. ఆ తీగ తడిసిన గ్రిల్ మీద ఒరుసుకుని తొడుగు చిరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

విశాఖకు దసరా, దీపావళి రోజులంటే వానల రోజులే. బంగాళాఖాతంలో తుపాన్లు అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఎక్కువ. పైగా సముద్రపు ఉప్పుగాలి. చవక తోరణాల తొడుగు సన్నం. ఒక ఎండాకాలం మేడ మీద వదిలేస్తే పెళుసుబారి పగులుతుంది. అందుకే గ్రిల్, పిట్టగోడ, రేకుల షెడ్డు, తులసికోట దగ్గరికి 230 వోల్టుల తోరణం తీసుకుపోకపోవడమే మేలు. 5 వోల్టులు, 12 వోల్టులతో నడిచే ఎల్ఈడీ తీగలు దొరుకుతున్నాయి. అడాప్టర్ ఇంట్లోనే ఉంటుంది. బయటికి వెళ్లేది తక్కువ వోల్టేజీ ఒక్కటే. స్మార్ట్ ప్లగ్‌ను అడాప్టర్‌కు ముందు పెడితే చాలు. ధర కాస్త ఎక్కువే. పిల్లలున్న ఇంట్లో ఆ తేడా డబ్బు గురించి ఆలోచించకూడదు. బయట పెట్టేదానికి ఐపీ44 లేదా ఐపీ65 అని రాసి ఉందో లేదో చూడండి. ఐపీ20 అంటే ఇంట్లోకే. దీపాల తోరణాలు బీఐఎస్ తప్పనిసరి నమోదు పరిధిలోకి వస్తాయి. ప్యాకెట్ మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటేనే కొనండి.

తీగ సర్దాలన్నా, తెగిన చోట టేపు చుట్టాలన్నా, గ్రిల్ తుడవాలన్నా ముందు ప్లగ్గు పీకండి. ఫోన్‌లో ఆపి చెయ్యి పెట్టవద్దు. మీరు చెయ్యి పెట్టిన క్షణంలోనే టైమర్ వేళ కావచ్చు. హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయి ఇంటి దీపాలు వెలిగిద్దామని ఫోన్ తీయవచ్చు. మామూలు స్విచ్ ఆపితే దాని పక్కన మీరే ఉంటారు. స్మార్ట్ స్విచ్ పగ్గాలు ఇంకో ఇద్దరి ముగ్గురి చేతుల్లో కూడా ఉంటాయి. ఈ తేడాను ఇంట్లో అందరికీ చెప్పాలి.

భద్రత అన్న మాట ఈ పేటకు కొత్త కాదు. 2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది ప్రాణాలు పోయిన రోజు ఇక్కడివారికి గుర్తే. కర్మాగారం స్థాయి వేరు, ఇంటి బోర్డు స్థాయి వేరు. రెండు చోట్లా కాపాడే పరికరాన్ని పనిచేసే స్థితిలో ఉంచుకోవడమే మనిషి చేయగలిగింది.

దీపాలు మరిచిపోయేవి, గుర్తుపెట్టుకునేవి

చవక తోరణాలకు ఓ చిన్న డబ్బీ ఉంటుంది. దాని బటన్ నొక్కుతూ పోతే నిలకడగా, మిణుకుమంటూ, అలలుగా, ఇలా ఎనిమిది రకాలుగా దీపాలు ఆడతాయి. చాలా డబ్బీలకు జ్ఞాపకం లేదు. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటి రకానికి, అంటే అన్నీ కలగలిపిన ఆటకే వెళ్లిపోతాయి. కాబట్టి స్మార్ట్ ప్లగ్‌తో రోజూ ఆపి వెలిగిస్తే మీకు నచ్చిన నిలకడ వెలుగు రోజూ మాయమవుతుంది. ఆటోమేషన్ కోసం కొనేటప్పుడు మెమరీ ఉన్న డబ్బీ అడగండి. లేదంటే డబ్బీయే లేని, ఎప్పుడూ నిలకడగా వెలిగే తీగ తీసుకోండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు స్మార్ట్ స్విచ్ ఏం చేయాలన్నది యాప్‌లోనే ఓ అమరిక. ఆన్ కావాలా, ఆఫ్‌లో ఉండాలా, పోకముందు ఎలా ఉందో అలా ఉండాలా అని అడుగుతుంది. పండుగ దీపాలకు ఆఫ్ ఎంచుకోవడమే సరి. తుపాను గాలికి తెల్లవారుజామున కరెంటు పోయి వస్తే ఎవరూ లేని మేడ మీద దీపాలు వాటంతట అవే వెలగకూడదు. టైమర్‌కు గడియారం వేళ కన్నా సూర్యాస్తమయం పెట్టుకోవడం మేలు. మన భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్క నుంచి పోతుంది. విశాఖ దానికి కాస్త తూర్పున ఉంది. అందుకే ఇక్కడ పొద్దు త్వరగా గూకుతుంది. నవంబరు చివర ఐదున్నరకు ముందే, జూన్ చివర ఆరున్నర దాటాక. సూర్యాస్తమయం ఎంచుకుంటే ఏ పండుగకైనా దీపం వేళకే వెలుగుతుంది.

పందిళ్ల లైటింగు మరో ప్రపంచం. వినాయకుడి వెనక రంగురంగుల చక్రం తిరుగుతూ కనిపించేది పిక్సెల్ లైట్లతోనే. అందులో ప్రతి దీపానికీ ఓ బుల్లి చిప్ ఉంటుంది. మూడు తీగలతో ప్రతి దీపానికీ వేర్వేరు రంగు చెప్పవచ్చు. ఇక్కడ గోడ స్విచ్‌తో పనే లేదు. ఇంజనీరింగ్ కుర్రాళ్లు చవకగా దొరికే ఈఎస్‌పీ32 బోర్డు తెచ్చి, ఉచితంగా దొరికే డబ్ల్యూఎల్ఈడీ సాఫ్ట్‌వేర్ ఎక్కించి వాటిని ఫోన్‌తో ఆడిస్తారు. చూడముచ్చటైన పని. అయితే లెక్క మరవకూడదు. 5 వోల్టుల పిక్సెల్ ఒక్కోటి పూర్తి తెల్లగా వెలిగితే 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. 300 పిక్సెల్లు పెడితే 18 ఆంపియర్లు. తక్కువ వోల్టేజీ గనక షాక్ కొట్టదు. కానీ సన్నటి తీగ వేడెక్కి పందిరి గుడ్డకు నిప్పు పెట్టగలదు. ఫ్యూజు పెట్టాలి, లావు తీగ వాడాలి. ఇంకో మాట. గోపాలపట్నం దగ్గరలోనే నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే ఉంది. దిగే విమానాల దారిలోకి లేజర్ కిరణాలు ఎత్తడం ఎంత పండుగైనా తగదు.

హుద్‌హుద్ తర్వాతి దీపావళి

ఈ నగరానికి దీపం విలువ తెలిసిన ఏడాది 2014. అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు, స్తంభాలు, తీగలు నేలకూలాయి. పేటలకు పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పదకొండు రోజులకు దీపావళి. కూలిన చెట్లు వీధుల్లోనే ఎండిపోయి ఉన్నాయి. నిప్పురవ్వ పడితే ప్రమాదమని ఆ ఏడు నగరంలో బాణసంచా కాల్చొద్దని ప్రభుత్వం చెప్పింది. ఆ సాయంత్రం జనం సముద్రతీరాన కొవ్వొత్తులు వెలిగించారు.  

తుపాను తర్వాత నగరం వీధి దీపాల్ని కొత్తగా వేసుకుంది. కేంద్ర ప్రభుత్వ రంగ విద్యుత్ సంస్థల ఉమ్మడి సంస్థ ఈఈఎస్ఎల్, విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీతో కలిసి పాత సోడియం దీపాల స్థానంలో ఎల్ఈడీలు పెట్టింది. 90 వేలకు పైగా దీపాలు. వాటి వెంట వచ్చినవే వీధి చివర స్తంభాలకు కనిపించే నియంత్రణ పెట్టెలు. వీధి మొత్తాన్ని ఆ పెట్టెలోంచే వెలిగించి ఆర్పవచ్చు, ఎక్కడ ఎంత కరెంటు పోతోందో దూరం నుంచే చూడవచ్చు. ఇంట్లో మనం చేసుకుంటున్న ఆటోమేషన్ పెద్ద రూపం అది. అందులో లోడు కొలిచే మీటరుంది, కాంటాక్టరుంది, రక్షణగా బ్రేకరుంది, ఎర్త్ ఉంది. పెద్ద పనిలో ఇవేవీ మానరు. చిన్న పనిలో, అదీ మన ఇంటి బాల్కనీలో, మనం అన్నీ మానేస్తున్నాం.

బిల్లులో ఎవరి వాటా ఎంత?

పొదుపు లెక్కలో ఓ తిరకాసు ఉంది. 5 వాట్ల తోరణం రోజుకు ఆరు గంటల చొప్పున పది రాత్రులు వెలిగితే అయ్యేది 0.3 యూనిట్. అంటే మూడో వంతు యూనిట్ కూడా కాదు. దాన్ని నడిపే స్మార్ట్ ప్లగ్ వైఫై వింటూ సాధారణంగా అర వాటు నుంచి ఒక వాటు దాకా తీసుకుంటూ ఉంటుంది. పండుగయ్యాక కూడా ఏడాదంతా గోడకే వదిలేస్తే 4 నుంచి 9 యూనిట్లు. తోరణం తిన్నదానికి సుమారు పదిహేను నుంచి ముప్పై రెట్లు. ఇంట్లో ఇలాంటివి పది ఉంటే లెక్క మీరే వేసుకోండి. గీజరు, మోటారు, ఏసీ లాంటి వాటిని అదుపు చేసే స్విచ్ అయితే తను తినేదానికన్నా ఎక్కువ మిగులుస్తుంది. కేవలం తోరణం కోసమే అయితే పండుగ కాగానే దాన్నీ తోరణంతో పాటే తీసి పెట్టెలో పెట్టడం మంచిది. పాస్‌వర్డు మొదటి రోజే మార్చండి. కంపెనీ పంపే అప్‌డేట్లు వేసుకోండి. ఇంటి వైఫైకి తగిలించిన ప్రతి వస్తువూ ఓ తలుపే.

ఎల్ఈడీ చవకదని మరీ ఎక్కువ వెలిగిస్తున్నామా అన్న ప్రశ్న కూడా నాకుంది. రాత్రంతా కళ్లలోకి కొట్టే నీలం వెలుగు ఎదురింటి పడకగదిలోకీ పోతుంది. టైమర్ చేతిలో ఉన్నప్పుడు పదకొండింటికి ఆర్పేయడం ఎంత పని? గిరి ప్రదక్షిణ రాత్రి ఒక్కటి మాత్రం తెల్లవార్లూ వెలగనివ్వండి. ఆ రాత్రి ఆ వెలుగు నడిచేవాళ్ల పాదాలకు అవసరం.

ఇక ఈసారి తోరణం కట్టేముందు ఇంటి మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లండి. అక్కడ ఆర్‌సీసీబీ అనే బ్రేకర్ ఉందా చూడండి. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన దానికీ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే, రెప్పపాటులో ఇంటి కరెంటు తెంచేది అదే. మనిషి గుండా కరెంటు పోతున్నా ప్రాణం నిలబెట్టేది అదే. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని ఓ చిన్న బటన్ ఉంటుంది. నొక్కండి. టక్కున పడిపోతే సరే, మళ్లీ ఎత్తి దీపాలు కట్టుకోండి. పడకపోయినా, అసలు ఆ బ్రేకరే లేకపోయినా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. తోరణం ఒక రోజు ఆలస్యమైనా పర్లేదు. వీధిలో తీగ తెగినా, స్తంభం దగ్గర నిప్పులు రాలినా దగ్గరికి పోకండి, 1912కు ఫోన్ చేయండి.